రెండు డిస్కులు, ఒకే దుకాణం

పాతబస్తీలో పెళ్లి కుదిరిన ఇంటివాళ్లలో చాలామంది ఛత్తాబజార్ గడప తొక్కుతారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి, పురానీ హవేలీకి దగ్గర్లో ఉన్న ఈ బజారు పెళ్లి కార్డులకు పేరు. ఒకప్పుడు ఇక్కడ కాతిబ్‌లు కలం సిరాలో ముంచి ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో కార్డులు, పోస్టర్లు రాసేవారు. 1990ల్లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పనిలో చాలా భాగం కంప్యూటర్ మీదికి మారిపోయింది. ఇవాళ ఏ దుకాణం చూసినా గాజు కౌంటర్ వెనక నమూనా కార్డుల దొంతరలు, పక్కన మానిటర్, బల్ల కింద దుమ్ము పట్టిన సీపీయూ డబ్బా. పెద్దమ్మాయి నిఖాకు కార్డులు వేయించిన కుటుంబం కొన్నేళ్లకు చిన్నమ్మాయి పెళ్లికి మళ్లీ అక్కడికే వస్తుంది. "అప్పటి డిజైనే తీయండి భాయ్, పేర్లు మారిస్తే చాలు" అంటుంది. పాత ఫైలు దొరికితే గంటలో పని అయిపోతుంది. దొరక్కపోతే మొదటి నుంచీ మళ్లీ కూర్చోవాలి, మాట కూడా పోతుంది.

అక్కణ్నుంచి శాలిబండ, గౌలిపురా, లాల్‌దర్వాజ వైపు వస్తే ఫొటో స్టూడియోలు, వీడియో మిక్సింగ్ గదులు. షాదీఖానాలో అర్ధరాత్రి దాటేదాకా సాగే వలీమా విందు, ఆషాఢంలో సింహవాహిని మహంకాళి బోనాలు, మనవడి పుట్టినరోజు, తాతగారి చివరి ఫొటో, అన్నీ చివరికి హార్డ్‌డిస్కుల్లోకే చేరుతున్నాయి. పాతబస్తీ ఇళ్ల జ్ఞాపకాలకు ఈ చిన్న దుకాణాలే కాపలా. ఆ కాపలా గట్టిగా ఉండాలన్నదే ఈ ప్రసంగంలో నా తాపత్రయం.

ఈ దుకాణాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "సిస్టమ్‌లో రెండు డిస్కులు వేయించాం, ఇక డేటాకు ఢోకా లేదు." రెండు డిస్కులు వేయించడం మంచి పనే. అయితే వాటిని ఎలా కలిపారన్న దాన్ని బట్టి ఢోకా తగ్గనూ వచ్చు, రెట్టింపు కానూ వచ్చు.

కలపడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు: స్ట్రైపింగ్, మిర్రరింగ్. ఇందుకు ప్రత్యేకమైన కార్డేమీ కొనక్కర్లేదు, విండోస్‌గానీ లినక్స్‌గానీ తనంతట తానే చేసిపెడుతుంది. డిస్కులను ఇలా కలిపే ఏర్పాటును రెయిడ్ అంటారు, సాఫ్ట్‌వేరే చేస్తుంది కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ రెయిడ్. ఇద్దరు కాతిబ్‌లకు ఒక పుస్తకం రాసే పని అప్పజెప్పారనుకోండి. బేసి పేజీలు ఒకరు, సరి పేజీలు ఒకరు రాస్తే సగం కాలంలో పుస్తకం పూర్తవుతుంది. కానీ ఒకరి కట్ట పోయిందా, రెండో కట్ట భద్రంగా ఉన్నా పుస్తకం లేనట్టే. ఇది స్ట్రైపింగ్. అలా కాకుండా ఇద్దరూ మొత్తం పుస్తకాన్ని చెరొక ప్రతి రాశారనుకోండి. కాగితం రెట్టింపు పడుతుంది, సమయం ఆదా కాదు. ఒక ప్రతి పోయినా రెండోది చేతిలో ఉంటుంది. ఇది మిర్రరింగ్.

డిస్కు మీద ఆ పేజీలు చాలా చిన్నవి. విండోస్ స్ట్రైప్డ్ వాల్యూమ్‌లో ఒక్కో ముక్క 64 కిలోబైట్లు. 8 మెగాబైట్ల పెళ్లి ఫొటో ఒకటి తీసుకుంటే, అది 128 ముక్కలై సగం ఈ డిస్కులో, సగం ఆ డిస్కులో పడుతుంది. ఒక డిస్కు పూర్తిగా చచ్చిపోయాక, మిగిలినదాన్ని పట్టుకుని ఎంత పెద్ద డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లినా ఆ ఫొటో రాదు. ఒకటి విడిచి ఒకటి ముక్క మాయమైన బొమ్మను ఎవరు మాత్రం అతికించగలరు?

ఈ ప్రమాదాన్ని మొట్టమొదట లెక్కగట్టి చూపిన పరిశోధన పత్రాల్లో పేరున్నది 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. రాసినవారు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్. అప్పట్లో పెద్ద సంస్థల కంప్యూటర్లకు ఐబీఎం 3380 లాంటి భారీ డిస్కులు వాడేవారు. వాళ్లు పోలికకు తీసుకున్న మోడల్‌లో 7,500 మెగాబైట్లు పట్టేవి. మరోవైపు పర్సనల్ కంప్యూటర్ల కోసం కోనర్ కంపెనీ చేసిన 100 మెగాబైట్ల బుల్లి డిస్కు ఉండేది. ఇలాంటి చవక డిస్కులను గుంపుగా పెట్టి పెద్ద డిస్కు చేసే పని చేయించవచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన. ఆ వెంటనే వాళ్లే ఇంకో లెక్క వేశారు. ఒక్కో బుల్లి డిస్కు సగటున 30,000 గంటలు నడుస్తుందనుకుంటే, వంద డిస్కుల గుంపులో ఏదో ఒకటి సగటున 300 గంటలకే పోతుంది. నిండా రెండు వారాలు కూడా కాదు. అందుకే గుంపు కట్టాలంటే అదనపు ప్రతో, పోయినదాన్ని తిరిగి లెక్కగట్టే ఏర్పాటో ఉండి తీరాలని ఆ పత్రం వాదించింది. అందులో చెప్పిన ఐదు స్థాయిల్లో మొదటిది మిర్రరింగ్. ఉత్త స్ట్రైపింగ్‌కు ఆ ఐదింటిలో చోటే లేదు. సున్నా అనే నంబరు దానికి తర్వాత వచ్చి చేరింది.

మన దుకాణానికి ఇదే లెక్క వేద్దాం. ఏడాదిలో ఒక డిస్కు చెడిపోయే అవకాశం నూటికి 3 అనుకోండి, ఊరికే లెక్క కోసం. రెండింటినీ స్ట్రైప్ చేస్తే డేటా పోయే అవకాశం నూటికి దాదాపు 6 అవుతుంది. మిర్రర్ చేస్తే, రెండూ పోవాలి కాబట్టి, పదివేలకు 9. కాగితం మీద ఇంత తేడా! కానీ ఈ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. ఆ రెండు డిస్కులకూ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదన్న ఊహ అది. దుకాణంలో ఆ రెండూ ఒకే డబ్బాలో, ఒకే పవర్ సప్లయ్ మీద, ఒకే వేడిలో, ఒకే దుమ్ములో ఉంటాయి. చాలాసార్లు ఒకే రోజు ఒకే అట్టపెట్టెలోంచి తీసిన ఒకే బ్యాచ్ డిస్కులు. కరెంటు పోయి హై వోల్టేజీతో తిరిగొచ్చినప్పుడు ఆ దెబ్బ రెండింటికీ తగులుతుంది. కాబట్టి మిర్రర్ కట్టేవాళ్లు రెండు డిస్కుల్ని వేర్వేరు బ్యాచుల్లోంచి, వీలైతే వేర్వేరు కంపెనీలవి కొనడం మంచిది. యూపీఎస్ లేకుండా అసలు కట్టకండి.

మరి ఇంత ప్రమాదం ఉన్నా స్ట్రైపింగ్ ఎందుకు చేస్తారంటే, వీడియో కోసం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరా గంటకు 45 గిగాబైట్లు తెచ్చి పోస్తుంది. మూడు కెమెరాలు, ఆరేసి గంటలు అంటే 810 గిగాబైట్లు. ఆ మూడింటినీ ఒకేసారి టైమ్‌లైన్ మీద పరిచినప్పుడు సెకనుకు కావలసింది 38 మెగాబైట్ల లోపే, మామూలు హార్డ్‌డిస్కు వరుసగా చదివితే 150 దాకా ఇవ్వగలదు. మరి ప్రివ్యూ ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది? డిస్కు లోపలి హెడ్డు మూడు ఫైళ్ల మధ్య అటూ ఇటూ పరుగులు తీయాలి, కాలమంతా ఆ పరుగులకే పోతుంది. రెండు డిస్కులు స్ట్రైప్ చేస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది. ఎస్ఎస్‌డీలో హెడ్డూ లేదు, పరుగూ లేదు. నన్నడిగితే, ఈ రోజుల్లో వేగం కోసం రెండు హార్డ్‌డిస్కుల్ని స్ట్రైప్ చేసే అవసరం తీరిపోయింది. ప్రస్తుతం ఎడిటింగ్ నడుస్తున్న పెళ్లి ఒక్కదానికి ఎస్ఎస్‌డీ పెట్టుకోండి. ఇప్పటికే స్ట్రైప్ కట్టి ఉన్నవాళ్లు అందులో ప్రివ్యూ ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్లు మాత్రమే ఉంచండి. కెమెరా కార్డును ఫార్మాట్ కొట్టే ముందు ఆ షూటింగ్ రెండు వేర్వేరు చోట్ల ఉందో లేదో చూసుకోండి.

ఇక మిర్రరింగ్. దీని చరిత్రలో డెస్క్‌టాప్ వాడేవాళ్లకు చాలాకాలం అన్యాయమే జరిగింది. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో స్ట్రైపింగ్ ఇచ్చారు, మిర్రరింగ్ మాత్రం సర్వర్ ఎడిషన్లకే ఉంచారు. చిన్న దుకాణానికి కావలసింది భద్రత అయితే అందింది వేగం. విండోస్ 7 ప్రొఫెషనల్‌తో మిర్రరింగ్ డెస్క్‌టాప్ దాకా వచ్చింది. 2012లో విండోస్ 8తో డిస్కులను కలిపే స్టోరేజ్ స్పేసెస్ అనే కొత్త ఏర్పాటు వచ్చింది, ఇది హోమ్ ఎడిషన్‌లోనూ ఉంటుంది. అంతకుముందు విండోస్‌లో ఈ పనికి వాడిన డైనమిక్ డిస్క్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ పక్కన పెడుతున్నట్టు చెప్పింది కాబట్టి కొత్తగా కట్టేవాళ్లు స్టోరేజ్ స్పేసెస్‌నే ఎంచుకోవాలి. అందులో డిస్కులను పూల్ అనే ఒకే గుంపులో చేర్చేటప్పుడు డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఖాళీ డిస్కులతోనే మొదలుపెట్టండి. మదర్‌బోర్డు బయోస్‌లోంచి కట్టే రెయిడ్ జోలికి వెళ్లొద్దనే నా సలహా. ఆ బోర్డు పోతే మళ్లీ అలాంటి బోర్డు కోసం వెతుక్కోవాల్సి రావచ్చు. లినక్స్‌లో ఎండీ అనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ పద్ధతితో కట్టిన మిర్రర్‌ను వేరే కంపెనీ డబ్బాలో పెట్టినా తెరవొచ్చు.

మిర్రర్‌కు ఒక స్వభావం ఉంది. ఒక డిస్కు పోయినా సిస్టమ్ ఆగదు. అదే దాని గొప్పతనం, చిక్కంతా అక్కడే వస్తుంది. పని నడుస్తూనే ఉంటుంది, కార్డులు ప్రింటవుతూనే ఉంటాయి, ఎవరూ గమనించరు. నెలల తరబడి ఒంటి డిస్కు మీద దుకాణం నడిచి, ఆ రెండోది కూడా పోయిన రోజున "మిర్రర్ ఉంది కదా, ఎలా పోయింది?" అంటారు. మిర్రర్ ఎప్పుడో పోయింది. లినక్స్‌లో అయితే దీన్ని చూడటం ఒక్క క్షణం పని. ఎండీస్టాట్ అనే ఫైలు తెరిస్తే ఒక వరుస చివర బ్రాకెట్లలో రెండు 'యూ' అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. అంటే రెండు డిస్కులూ లేచి ఉన్నాయి. ఒక 'యూ' స్థానంలో అడ్డగీత కనిపించిందా, ఆ పూటే కొత్త డిస్కు తెప్పించాలి. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి స్టోరేజ్ స్పేసెస్ తెరిస్తే రెండు డిస్కుల పేర్ల పక్కనా "ఓకే" అని ఉండాలి. వారానికొకసారి దుకాణం తెరవగానే ఈ ఒక్కటి చూసే బాధ్యత ఎవరికైనా పేరు పెట్టి అప్పజెప్పండి.

డిస్కు మార్చేటప్పుడు ఇంకో గండం. పోయిన డిస్కు ఏదో తెలియక బాగున్నదాన్ని ఊడదీస్తారు. లేదా ఖాళీ డిస్కును అసలు డిస్కుగా చూపిస్తారు, అప్పుడు ఖాళీయే అద్దంలో ప్రతిఫలిస్తుంది. దీనికి విరుగుడు చాలా సులభం. డిస్కులు బిగించే రోజునే వాటి సీరియల్ నంబర్ల చివరి నాలుగు అంకెలు కాగితం మీద రాసి, కేబుల్ పక్కన, డబ్బా తలుపు లోపలి వైపున అతికించండి. సాఫ్ట్‌వేర్ పోయిన డిస్కు సీరియల్ చెబుతుంది, కాగితం అది ఏ గూట్లో ఉందో చెబుతుంది. ఆ తర్వాత 4 టెరాబైట్ల డిస్కు తిరిగి నిండటానికి, ఏ ఆటంకమూ లేకపోయినా ఏడు గంటల పైనే పడుతుంది. ఆ ఏడు గంటలూ మిగిలిన డిస్కు ఒంటరిగా, తలమునకలుగా పనిచేస్తుంది. అందుకే మార్చే పని మొదలుపెట్టక ముందే అత్యవసరమైన ఫైళ్లు వేరే డిస్కులోకి తీసి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిర్రర్ దుకాణం మూతపడకుండా చూస్తుంది. జ్ఞాపకాలను కాపాడేది మాత్రం ఆ గోడల బయట ఉన్న ప్రతి. ఈ తేడా పాతబస్తీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు పల్లె చెరువు, ఆ తర్వాత కొద్ది రోజులకే గుర్రం చెరువు నీళ్లు కాలనీల మీద పడ్డాయి. అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వీధులు మునిగాయి. రోజుల తరబడి నీళ్లు తీయని ఇళ్లున్నాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ఆ బస్‌స్టేషన్‌కూ ఛత్తాబజార్‌కూ ఎంత దూరం? 1908 సెప్టెంబర్ 28 నాటి వరద సంగతి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జంట జలాశయాలు కట్టడానికి కారణమే ఆ వరద. బల్ల కింద, నేల మీద పెట్టిన సీపీయూ డబ్బాలోకి నీళ్లు వచ్చినప్పుడు ఒక డిస్కు ఉందా, రెండున్నాయా అన్నది నీళ్లకు అనవసరం.

నీళ్లే రానక్కర్లేదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే మిర్రర్ ఆ డిలీట్‌ను కూడా నమ్మకంగా రెండో డిస్కు మీద చేస్తుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటిది లోపలికి వస్తే మిర్రర్‌లోని రెండు ప్రతులకూ ఒకే క్షణంలో తాళం పడుతుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఇది పెద్ద కంపెనీల ఆఫీసులోంచి రాలేదు, ఫొటోలు తీసుకుని బతికే మనిషి చెప్పింది, అందుకే మన స్టూడియోలకు సరిగ్గా సరిపోతుంది. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకటి ఈ వారం దుకాణంలో, ఇంకోటి మూసీ అవతల ఉన్న అన్నయ్య ఇంట్లోనో, మేనత్త ఇంట్లోనో. వారం వారం మార్చండి. అవతలే కదా అని ఎక్కడ పడితే అక్కడ పెడితే చాలదు. టోలీచౌకిలో నదీమ్ కాలనీ కూడా 2020లో మునిగింది. ఏ కాలనీ అయినా, పై అంతస్తులో, బీరువాలో పెట్టించండి. కాపీ కాగానే కేబుల్ పీకేయండి. పీకిన డిస్కును ఏ వైరసూ ముట్టలేదు.

ఇక్కడ పాతబస్తీకి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకోటి ఉంది, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. జనానా వైపు తీసిన ఫొటోలను, వీడియోలను ఆ కుటుంబాలు ఎంతో నమ్మకంతో స్టూడియో చేతిలో పెడతాయి. ఆడవాళ్ల వీడియోకు ఆడవాళ్లనే పిలిపించే ఇళ్లున్నాయి. బయటివాళ్ల కంట పడకూడదని పదేపదే చెప్పి వెళతారు. ఇప్పుడు ఆలోచించండి. మిర్రర్‌లోంచి ఊడదీసిన డిస్కు సగం డేటా ఉన్న డిస్కు కాదు. అందులో అన్ని పెళ్లిళ్లూ పూర్తిగా ఉన్నాయి. "చెడిపోయింది" అని చెప్పి దాన్ని సర్వీసింగ్ వాళ్ల దగ్గర వదిలేస్తారు, వారంటీ కింద వెనక్కి పంపుతారు, తుక్కు కింద అమ్ముతారు. చెడిపోయిందన్న డిస్కులో కొన్ని సెక్టార్లు మాత్రమే పోయి ఉండొచ్చు, మిగిలినదంతా చదవగలిగే స్థితిలో ఉండొచ్చు. అవతలి ఇంటికి పంపే ఎక్స్‌టర్నల్ డిస్కు బస్సులో పోయినా ఇదే సంగతి.

కాబట్టి డిస్కులో మొదటి ఫైలు పెట్టక ముందే ఎన్‌క్రిప్షన్ అనే తాళం వేయండి. విండోస్ ప్రొఫెషనల్‌లో బిట్‌లాకర్ ఉంది. పాత డైనమిక్ డిస్కుల మీద అది పనిచేయదు, ఆ పద్ధతిని వదిలేయడానికి ఇదొక కారణం. లినక్స్‌లో లక్స్ ఉంది. తాళం వేసిన డిస్కు పోతే పోయేది డిస్కు ఖరీదే, ఒక ఇంటి మర్యాద వీధిన పడదు. రికవరీ కీ కాగితం మీద ప్రింటు తీసి, దుకాణం లెక్కల పుస్తకం ఉండే చోట ఒకటి, ఇంట్లో ఒకటి దాచండి. ఆ కీ ఉన్న ఫైలును అదే డిస్కులో పెట్టుకోవద్దు. తాళం వేయని పాత డిస్కును వదిలించుకోవాలంటే డ్రిల్లింగ్ మెషిన్‌తో లోపలి పళ్లేల గుండా రంధ్రాలు పెట్టించి మరీ ఇవ్వండి. కస్టమర్ కళ్లెదుట పెట్టిస్తే ఇంకా మేలు.

చివరగా, అవతలి ఇంటి డిస్కు తిరిగొచ్చిన రోజున వెంటనే దాని మీద కాపీ మొదలుపెట్టకండి. ముందు అందులోంచి ఒక పాత కార్డు, ఒక పెళ్లి వీడియో తెరిచి చూడండి. వీడియోను మధ్యలో రెండు మూడు చోట్ల నడిపించి చూడండి. ఇన్‌పేజ్ ఫైలు అయితే ఇంకో చిక్కుంది. ఆ వెర్షన్ సాఫ్ట్‌వేర్ లేకపోతే పదేళ్ల తర్వాత ఫైలు భద్రంగా ఉన్నా అక్షరం కనిపించకపోవచ్చు. ప్రతి కార్డు పని పూర్తి కాగానే దాని పక్కనే ఒక పీడీఎఫ్ కూడా తీసి, పెళ్లికూతురు తండ్రి పేరుతో, సంవత్సరంతో ఆ ఫోల్డర్‌లో దాచండి. చిన్నమ్మాయి పెళ్లికి వాళ్లు మళ్లీ వస్తారు.